ముప్ఫై ఒక్క పుస్తకాలు, ఐదొందల ఇంక్రిమెంటు

2016 డిసెంబరు 31 రాత్రి నోటుబుక్కు ముందు పెట్టుకుని లెక్క వేశాను. ఆ ఏడాది నేను చదివినవి 31 పుస్తకాలు. అన్నీ జీవితంలో పైకి రావడం గురించినవే. పొద్దున్నే ఎలా లేవాలి, మనుషుల్ని ఎలా మెప్పించాలి, భయం ఎలా పోగొట్టుకోవాలి, డబ్బు సంపాదించేవాళ్లు ఎలా ఆలోచిస్తారు, ఇలాంటివి. అదే ఏడాది నా జీతం 14,000 నుంచి 14,500 అయింది. అంటే పుస్తకానికి పదహారు రూపాయలు గిట్టుబాటు. పుస్తకాల ఖర్చు ఇందులో కలపలేదు. కలిపితే నష్టమే.

అప్పట్లో నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూసేవాణ్ణి. బీకాం చదివాను, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరు వచ్చు, అంతే. పొద్దున పదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి బయటపడేవాణ్ణి. కంకిపాడు నుంచి బస్సులో వచ్చిపోయేవాణ్ణి. షాపులో ఓనరు గారు, క్యాష్ దగ్గర ఆయన బావమరిది, బిల్లింగ్‌కి ఇద్దరు కుర్రాళ్లు, స్టోరు చూసే బాబాయ్, నేను. ఈ ఆరుగురిలో పైకి ఎదగడానికి ఖాళీ కుర్చీ ఎక్కడుందో మీరే చెప్పండి.

పుస్తకాల పిచ్చి ఎలా పట్టిందంటే, ఒక పెళ్లిలో. డిగ్రీలో నా వెనక బెంచీలో కూర్చున్నవాడు బ్యాంకులో ఆఫీసరు అయ్యాడు. వాడేమీ అనలేదు పాపం, వాళ్ల నాన్నే వడ్డిస్తూ వడ్డిస్తూ, "నువ్వింకా ఆ షాపులోనేనా బాబూ?" అన్నారు. ఆ "ఇంకా" అన్న మాట గొంతులో ముద్దకు అడ్డం పడింది. తర్వాతి నెల, 2014 జనవరిలో, పుస్తకాల పండగకి వెళ్లాను. అప్పట్లో అది స్వరాజ్ మైదానంలో జరిగేది. ఇప్పుడు అంబేడ్కర్ విగ్రహం ఉన్నచోటే. స్టాళ్లన్నీ తిరిగి, పది శాతం తగ్గింపులో నాలుగు పుస్తకాలు కొన్నాను. నాలుగింటి అట్టల మీదా ఎవరో ఒకాయన చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. నేనూ ఏదో ఒక రోజు అలా నవ్వుతాననే నమ్మకంతో బస్సెక్కాను.

మొదటి పుస్తకం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ఇది అబద్ధం కాదు. లోపల ఏదో కదిలింది. రేపటి నుంచి నేను వేరే మనిషిని అనిపించింది. ఆ ఊపు సరిగ్గా నాలుగు రోజులుంది. ఐదో రోజుకి పాత మనిషే షాపు తాళం తీస్తున్నాడు. దానికి మందు ఏమిటో నాకు వెంటనే తట్టింది: ఇంకో పుస్తకం. ఇలా మూడేళ్లు గడిచాయి. టీ అలవాటు లాంటిదే ఇదీ. తాగినప్పుడు హుషారు, రెండు గంటలకి మళ్లీ నాలుక పీకడం.

చదివి ఊరుకోలేదు, ఆచరించాను కూడా. అదే అసలు కామెడీ.

ఒక పుస్తకంలో, తోటివారిని మనసారా మెచ్చుకోండి, పేరు పెట్టి పిలవండి, వాళ్లలో గొప్పదనాన్ని గుర్తించి చెప్పండి అని ఉంది. మర్నాడే స్టోరులోకి వెళ్లాను. బాబాయ్ క్లచ్ ప్లేట్ల డబ్బాలు ర్యాకులో సర్దుతున్నాడు. ఆయనకి యాభై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. "బాబాయ్, నువ్వు లేకపోతే ఈ షాపు ఒక్క రోజు కూడా నడవదు. నీ జ్ఞాపకశక్తి ఎవరికీ లేదు బాబాయ్" అన్నాను, పుస్తకంలో చెప్పినట్టే కళ్లలోకి చూస్తూ. ఆయన డబ్బా కింద పెట్టాడు. వేస్టు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. నన్ను కిందినుంచి పైకి చూసి, "ఎంత?" అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"అప్పు అబ్బాయ్. పదో తారీకు దాకా నా దగ్గర కూడా లేవు."

పొద్దున ఐదింటికి లేవడం ఇంకో ఘట్టం. పెద్దవాళ్లందరూ తెల్లవారుజామునే లేస్తారని పుస్తకం. రాత్రి పదిన్నరకి ఇల్లు చేరి, అన్నం తిని, పదకొండున్నరకి పడుకునేవాడు ఐదింటికి లేస్తే ఏమవుతుందో ఆ పుస్తకంలో లేదు. లేచి వసారాలో లైటు వేసుకుని కూర్చునేవాణ్ణి. మా అమ్మ పాలు కాస్తూ, "చదవేస్తే ఉన్న మతి పోయిందని, పడుకోరా నాయనా" అనేది. మధ్యాహ్నం మూడింటికి షాపులో కళ్లు మూతలు పడేవి. అలాంటి ఒక మధ్యాహ్నమే 48,600 రూపాయల బిల్లు ట్యాలీలో రెండుసార్లు ఎక్కించాను. నెలాఖరుకి ఆ పార్టీ ఫోన్ చేసి, మీరు రెండింతలు అడుగుతున్నారేంటని ఓనరు గారితో గొడవ పెట్టుకున్నాడు. ఓనరు గారు నన్నేమీ తిట్టలేదు. "రాత్రిళ్లు ఏం చేస్తున్నావ్?" అని మాత్రం అడిగారు. తెల్లవారుజాముల్లో ఏం చేస్తున్నానో చెప్పలేకపోయాను.

ఇంకోసారి, పై అధికారితో కూర్చుని మీ లక్ష్యాల గురించి స్పష్టంగా మాట్లాడండి అని చదివి, ధైర్యం చేశాను. ఓనరు గారు సాయంత్రం క్యాష్ లెక్కపెడుతున్నారు. పళ్ల మధ్య రబ్బరు బ్యాండు ఉంది. "సార్, ఐదేళ్లలో నేను ఎక్కడ ఉండాలనుకుంటున్నానంటే..." అని మొదలుపెట్టాను. ఆయన రబ్బరు బ్యాండు తీసి కట్టకి వేసి, "ఐదేళ్ల సంగతి తర్వాత చూద్దాం. గుంటూరు పార్టీ చెక్కు పాసయిందా?" అన్నారు. పాసవలేదు.

ఈ పుస్తకాల్లో ఉండే ఆఫీసు వేరు, మన ఆఫీసు వేరు. అక్కడ మీటింగులుంటాయి, సెక్రటరీలుంటారు, ఏడాదికోసారి పనితీరు మీద మాట్లాడుకుంటారు. మన దగ్గర మీటింగు అంటే నాలుగున్నరకి వచ్చే టీ. పనులు వేరేవాళ్లకి అప్పజెప్పండి అంటుంది పుస్తకం. నేను ఎవరికి అప్పజెప్పాలి, బావమరిదికా? తెలుగు అనువాదాలైతే ఇంకో బాధ. "మీ సౌకర్య వలయాన్ని ఛేదించుకుని బయటకు రండి" అని ఉంటుంది. చదవగానే ఏదో పద్మవ్యూహం అనుకున్నాను. ఆ సంగతే మా బాబాయ్ అయితే "కాస్త కదలవయ్యా" అంటాడు.

2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆటోనగర్‌లో బేరాలు పడిపోయాయి. కొనేవాడు లేడు, లారీలు ఆగిపోయాయి, షాపులో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. నాకు చదువుకోవడానికి బోలెడు టైము దొరికింది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణంలో ఒక ఇంగ్లీషు పుస్తకం కొన్నాను. పక్కన ఫోనులో డిక్షనరీ పెట్టుకుని రోజుకి పది పేజీలు చదివేవాణ్ణి. ఆరో అధ్యాయంలో ఒక హోటల్ యజమాని కథ వచ్చింది. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. రెండు పేజీలు తిరగేసేసరికి ముగింపు కూడా తెలిసిపోయింది. ఇంటికెళ్లి అలమరా వెతికితే అదే పుస్తకం తెలుగు అనువాదం, వేరే పేరుతో, 2015లో నేను చదివేసిందే. పుస్తకం మొత్తం మళ్లీ చదువుతూ ఐదు అధ్యాయాల దాకా గుర్తుపట్టలేదు.

అది కాదు అసలు సంగతి. రెండింట్లోనూ ఒకే వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. రెండింట్లోనూ పక్కన నా చేతిరాతే: "చాలా ముఖ్యం. రేపటి నుంచి." మా ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. అప్పటికి మా పెళ్లయి ఏడాదిన్నర. "ఏవండీ, ఈ రెండు రేపుల్లో ఏది ముందు వస్తుంది?" అంది.

నవ్వాను గానీ, ఆ రాత్రి నిజంగానే బాధేసింది. డిసెంబరు 31న లెక్కేసుకోవాలన్న బుద్ధి పుట్టింది అందుకే.

2017లో పుస్తకాలు మానేశాను. శపథం పట్టి కాదు, విసుగొచ్చి. ఆ జులై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. అంతకుముందు వ్యాట్ రిటర్నులు మా ఆడిటర్ గారి ఆఫీసులో చూసేవాళ్లు, నేను అంకెలు పంపితే చాలు. ఇప్పుడు వాళ్లకే ఊపిరాడడం లేదు. ఫోను ఎత్తరు, ఎత్తినా "రేపు చెబుతాం" అంటారు. ఖమ్మం, నల్గొండ పార్టీలకి వేసే బిల్లు మీద ఇప్పుడు ఐజీఎస్టీ, అంటే వేరే రాష్ట్రానికి అమ్మితే వేసే జీఎస్టీ; మన రాష్ట్రంలో అయితే కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం. ఏ పార్టుకి ఏ కోడు, ఏ రేటు, ఎవరికీ తెలియదు. బిల్లింగ్ కుర్రాళ్లు నన్ను అడుగుతున్నారు, నేను ఆడిటర్ ఆఫీసుని అడుగుతున్నాను, వాళ్లు వెబ్‌సైటుని అడుగుతున్నారు, అది తెరుచుకోవడం లేదు. ఓనరు గారికి బీపీ పెరిగింది. "నీకు పుస్తకాలు చదివే అలవాటుంది కదా. ఈ పుస్తకమేదో చదువు" అన్నారు. వెటకారమో నిజమో ఇప్పటికీ తెలియదు.

సరే, చదివాను. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ తమ విద్యార్థుల కోసం తయారుచేసిన జీఎస్టీ పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసి, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, రెండు స్పైరల్ బైండింగులు చేయించాను. ఏలూరు రోడ్డులో సీజీఎస్టీ, అంటే కేంద్ర జీఎస్టీ, చట్టం పుస్తకం కొన్నాను. 174 సెక్షన్లు. అట్ట మీద ఎవరూ నవ్వడం లేదు. లోపల ఎక్కడా "మీరు సాధించగలరు" అని లేదు. "ప్రొవైడెడ్ దట్", "నాట్‌విత్‌స్టాండింగ్", వీటితో మొదలయ్యే వాక్యాలు మాత్రం పేజీకి నాలుగు. మొదటి వారం తల ప్రాణం తోకకొచ్చింది.

బస్సులో చదవడం కుదరలేదు, రెండో లైనుకే నిద్ర. అందుకని పొద్దున ఎనిమిదిన్నరకే షాపుకి వెళ్లడం మొదలుపెట్టాను. షట్టరు సగం ఎత్తి, ఫ్యాను వేసుకుని, ఒక సెక్షను, దానికి సంబంధించిన రూలు, పక్కన నిన్నటి బిల్లులు. బిల్లు మీద ఏమేం ఉండాలో 46వ రూలులో ఉంది. ఒక్కొక్కటి చదివి మా బిల్లులో ఉందో లేదో టిక్కు పెట్టాను. ఖమ్మం బిల్లులో సరుకు ఏ రాష్ట్రానికి పోతుందో రాసే చోటే లేదు. ఆ రోజే ఫార్మాటు మార్పించాను. చిన్న పనే. కానీ నేను చదివిన ముక్క ఆ సాయంత్రానికే ప్రింటరులోంచి బయటికి రావడం అదే మొదటిసారి. ఆ కాగితం వేడివేడిగా పట్టుకుని చూశాను.

సెప్టెంబరులో 140వ సెక్షన్ దగ్గరికి వచ్చాను. పాత పన్నుల కాలంలో కొని, జూన్ 30 నాటికి అమ్ముడుపోకుండా మిగిలిన సరుకు సంగతి అది. అందులో మూడో సబ్‌సెక్షన్ అంతా కలిపి ఒకటే వాక్యం, చివర తోకలా ప్రొవైజోలు, అంటే "ప్రొవైడెడ్ దట్" అంటూ తగిలించే షరతులు. నాలుగుసార్లు చదివినా కర్త ఎక్కడో క్రియ ఎక్కడో దొరకలేదు. గోడకున్న ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ క్యాలెండరులోంచి అయిపోయిన నెల కాగితం చింపి, వెనక్కి తిప్పి, ఆ వాక్యాన్ని ముక్కలుగా విరిచి తెలుగులో రాసుకున్నాను. ఎవరికి. ఏ సరుకు మీద. ఏ కాగితం ఉంటే. ఏ కాగితం లేకపోతే. షరతులేంటి.

అర్థమైంది ఇదీ. మా షాపు లాంటివాళ్లు కొన్న సరుకు ధరలో కంపెనీ కట్టిన ఎక్సైజు సుంకం కలిసే ఉంటుంది. కానీ మేము మధ్యవర్తుల దగ్గర కొంటాం కాబట్టి, ఆ సుంకం విడిగా చూపించే కాగితం మా దగ్గర ఉండదు. అలాంటివాళ్లకి కూడా చట్టం ఒక దారి ఇచ్చింది. ఆ పాత సరుకుని జులై 1 నుంచి అమ్మి, జీఎస్టీ కట్టాక, అందులో కేంద్రం వాటాలో 60 శాతం మనకి క్రెడిట్‌గా, అంటే ఆ తర్వాత కట్టాల్సిన పన్నులో తగ్గించుకునేలా, తిరిగొస్తుంది. రేటు 18 శాతం లోపుంటే 40 శాతం. ఆరు నెలల పాటు. మా విడిభాగాల్లో చాలావాటికి అప్పుడు 28 శాతం పన్ను, అందులో కేంద్రం వాటా 14. వెయ్యి రూపాయల సరుకు అమ్మితే 140, దానిలో 60 శాతం అంటే 84 రూపాయలు. మా గోడౌనులో దుమ్ముపట్టిన సరుకు ఎంత ఉందో నాకు తెలుసు. చేయి వణికింది.

ఆడిటర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి అబ్బాయి, "అవన్నీ పెద్ద కంపెనీలకండీ" అన్నాడు. మూడేళ్ల కిందటి నేనైతే అక్కడితో ఆగిపోయేవాణ్ణి. ఏ పుస్తకమూ పోగొట్టలేని భయం అది, చదువుకున్నవాళ్లు కాదంటే కాదేమో అనే భయం. ఈసారి క్యాలెండరు కాగితం, చట్టం పుస్తకం సంచిలో వేసుకుని సాయంత్రం నేరుగా వెళ్లాను. ఆడిటర్ గారి ముందు ఆ పేజీ తెరిచి పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు. క్యాలెండరు కాగితం తిప్పి, ముందువైపు ఉన్న లారీ బొమ్మ కూడా చూశారు. "స్టాకుకి కొనుగోలు బిల్లులున్నాయా?" అన్నారు. ఉన్నాయన్నాను. "ఏ సరుకు ఏ బిల్లుదో చూపించగలరా?"

అక్కడ చిక్కుకున్నాను. సరుకుని గుర్తుపట్టేలా విడిగా ఉంచాలని రూలు. మా గోడౌనులో కొత్తా పాతా కలగలిసిపోయి ఉన్నాయి. బిల్లుల ఫైళ్లు తీసుకుని బాబాయ్ దగ్గరికి వెళ్లాను. మూడు ఆదివారాలు ఇద్దరమే పనిచేశాం. నేను బిల్లు చదివితే ఆయన ర్యాకుల మధ్య నడుచుకుంటూ వెళ్లి, "ఇవి మార్చిలో చెన్నై నుంచి వచ్చినయ్, ఈ డబ్బా మూల తడిసింది చూడు, అదే లోడు" అని పక్కకి తీసేవాడు. నేను సుద్దముక్కతో నంబరు వేసేవాణ్ణి. కంప్యూటరులో లేనిదంతా ఆయన తలలో ఉంది. నేను ఒకప్పుడు ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పినదంతా అక్షరాలా నిజమని అప్పుడు తెలిసింది. ఆ రోజు పొగడలేదు. సాయంత్రం టీ, మిరపకాయ బజ్జీ ఇప్పించాను. ఆయన అప్పు మాట ఎత్తలేదు.

ఈ క్రెడిట్ కోసం పెట్టాల్సిన ఫారం గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ ఆఖరికి డిసెంబరు 27 దాకా ఇచ్చారు. మేము అంతకుముందే పెట్టేశాం. ఆ సెక్షన్‌లోనే ఇంకో ముక్క ఉంది: ఇలా వచ్చే లాభాన్ని ధర తగ్గించి కొనేవాళ్లకి అందించాలి. ఇది ఓనరు గారికి చెప్పినప్పుడు ఆయన మొహం చూడాలి. "మరి మనకేం మిగిలినట్టు?" అన్నారు. దాచిపెడదామా అని నాకూ ఒక్క క్షణం అనిపించింది, ఒప్పుకుంటాను. చెప్పేశాను. చివరికి బిల్లులో డిస్కౌంటు లైను వేసి అమ్మాం. ఏళ్లుగా కదలని సరుకు కదిలింది. ఆయనకి అది నచ్చింది. క్రెడిట్ మొత్తం లక్షా పన్నెండు వేల చిల్లర వచ్చింది. 2018 జనవరిలో నన్ను పిలిచి, "జీఎస్టీ పనంతా ఇక నువ్వే చూడు" అని జీతం 20,000 చేశారు. పళ్ల మధ్య రబ్బరు బ్యాండు ఉంది అప్పుడు కూడా.

ఆ తర్వాత చదవడం వేరే రకంగా సాగింది. సరుకు కొన్న బిల్లుకి 180 రోజుల్లోగా డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలని 16వ సెక్షన్‌లో ఉంది. మా ఓనరు గారికి డబ్బు కట్టడం ఆలస్యం చేయడం ఒక కళ. ఆ సెక్షన్ చదివిన రోజు పాత బాకీల పట్టీ తీసి, ఏ తేదీకి ఏది కట్టకపోతే ఎంత పోతుందో రాసి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, ఏమీ మాట్లాడకుండా చెక్కుబుక్కు తీశారు.

కాస్ట్ అకౌంటెన్సీ ఇంటర్‌కి కూడా కట్టాను. మొదటి గ్రూపు రెండుసార్లు పోయింది, మూడోసారి వచ్చింది. రెండో గ్రూపు ఇంకా అలాగే ఉంది, దాని గురించి ఎక్కువ చెప్పను. ఆదివారాలు ఠాగూర్ గ్రంథాలయంలో కూర్చుని చదివేవాణ్ణి. పక్కన గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలు, పేపరు చదివే పెద్దాయనలు. ఎవరూ ఎవరినీ పట్టించుకోరు, పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ 1914లో మా బెజవాడలోనే జరిగింది. 1930ల్లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పి ఊళ్లవాళ్లకి ఇచ్చారు. ఇప్పుడు పుస్తకం ఫోనులో మన జేబులోకే వచ్చేస్తుంది. నాకైతే ఆ చెక్కబెంచీ మీద చదివినంత ఫోనులో ఎక్కదు. అది నా లోపమే కావచ్చు.

ఇంతా చెప్పి ఆ 31 పుస్తకాలూ దండగ అంటానా? అనలేను. పొద్దున ఎనిమిదిన్నరకి షట్టరు సగం ఎత్తుకుని కూర్చునే ఓపిక ఎక్కడినుంచి వచ్చింది మరి? మూడేళ్లు రోజూ ఏదో ఒకటి చదివిన అలవాటు లేకపోతే 140వ సెక్షన్‌ని నాలుగోసారి చదివేవాణ్ణి కాదు. వాటిలోంచి వచ్చిన రెండు అలవాట్లు ఇప్పటికీ ఉన్నాయి. రాత్రి ఇంటికెళ్లే ముందు, రేపు మొదట చేయాల్సిన ఒక్క పని కాగితం మీద రాసి కీబోర్డు కింద పెట్టడం. చదవాల్సిన పుస్తకాన్ని మూసి అలమరాలో పెట్టకుండా, ఆ పేజీ దగ్గరే తెరిచి బల్ల మీద ఉంచడం. ఏ పుస్తకంలో చదివానో మాత్రం చెప్పలేను. అన్నిట్లోనూ ఉండి ఉంటుంది. ఇంగ్లీషు కూడా వాటి వల్లే కాస్త వచ్చింది. హోటల్ యజమాని కథ చదవని వాడికి ప్రొవైజో ఏం అర్థమవుతుంది.

నాకు కోపం ఉన్నది ఒక్కచోటే. ఎదగకపోతే అది నీ ఆలోచనాతీరులో లోపమే అని ఆ పుస్తకాలు మాటిమాటికీ అంటాయి. మూడేళ్లు అది నమ్మి నన్ను నేనే తిట్టుకున్నాను. ఆరుగురున్న షాపులో ఏడో కుర్చీ లేదన్న సంగతి ఏ అధ్యాయంలోనూ లేదు. నాకు ఆ కుర్చీ వేసింది నా ఆలోచనాతీరు కాదు, దేశం మొత్తానికి మారిన పన్ను. నేను చేసిందల్లా, అది మారినప్పుడు పుస్తకం దగ్గర పెట్టుకుని ఉండడం.

2021లో వేరే చోటికి మారాను. పెద్ద డీలర్‌షిప్, విడిభాగాల విభాగం అకౌంట్స్ నా చేతిలో. నా కింద నలుగురున్నారు. వాళ్లలో ఒక కుర్రాడికి ఇరవై మూడేళ్లు. నన్ను అందరి ముందూ సార్ అని, టీ దగ్గర అన్నా అని పిలుస్తాడు. వాడి బ్యాగులో ఎప్పుడూ ఒక పుస్తకం. అట్ట మీద ఎవరో చేతులు కట్టుకుని నవ్వుతూ ఉంటాడు. ఒకసారి తీసి తిరగేశాను. నలభై పేజీల దాకా పసుపు పెన్నుతో గీతలు, ఆ తర్వాత తెల్లగా ఉంది. "నాలుగు రోజులైందా కొని?" అన్నాను. "మీకెలా తెలుసన్నా?" అన్నాడు.

2025 సెప్టెంబరు 22న విడిభాగాల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గింది. ఆ వారం మళ్లీ 2017లా అయింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. వాడికి 14వ సెక్షన్ ప్రింటు తీసి ఇచ్చాను, రేటు మారినప్పుడు ఏ బిల్లుకి ఏ రేటు వేయాలో చెప్పే సెక్షన్ అది. పక్కన ఆ నెల బిల్లుల ఫైలు పెట్టాను. ఇంకేం చెప్పలేదు. మర్నాడు ఏలూరు పార్టీ ఒకాయన ఫోన్ చేసి, సరుకు 20న వచ్చినా నేను డబ్బు కట్టింది 25న కాబట్టి 18 శాతానికి బిల్లు మార్చమని గట్టిగా అడుగుతున్నాడు. నేను ఫోను అందుకోబోతే వాడే మాట్లాడాడు. "లేదండీ, సరుకు 20నే వెళ్లింది, బిల్లు 20నే వేశాం. రెండూ రేటు మారకముందే అయిపోయాయి. డబ్బు తర్వాత కట్టినా పాత రేటేనండీ" అన్నాడు. అవతలాయన ఇంకా ఏదో అంటుంటే, "సెక్షన్ పంపిస్తానండీ, మీరే చూసుకోండి" అని పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి వాడికి. నేను కంప్యూటరు వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం వెళ్తూ వెళ్తూ వాడి పుస్తకం నా బల్ల మీద పెట్టాడు. "నాకు ఈ నెల కుదరదన్నా, మీరు చదివి ఎలా ఉందో చెప్పండి" అన్నాడు. వారం నుంచి చదువుతున్నాను. బాగానే ఉంది. మూడో అధ్యాయంలో ఉన్నాను. ఎందుకో ఇది కూడా ఇంతకుముందు చదివానేమో అని అనుమానంగా ఉంది.